మబ్బు లోపల మొదటి నిప్పురవ్వ ఎలా పుడుతుంది?

ప్రశ్న: నేను విజయనగరం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. గాలి విద్యుత్ బంధకమని చెప్పేదీ మేమే, మబ్బుల్లో మెరుపు పుడుతుందని చెప్పేదీ మేమే. తీగ గానీ, లోహపు మొన గానీ లేనిచోట మొదటి నిప్పురవ్వ ఎలా పుడుతుందని తొమ్మిదో తరగతి విద్యార్థిని ఒకరు అడిగింది. మబ్బులు రాసుకోవడం వల్ల అనే వాడుక జవాబు ఆ పిల్లకు చాలదు. పైగా చాలాసార్లు మబ్బు లోలోపలే వెలిగి ఆరిపోతుంది, పిడుగు పడదు. అది వేరే రకం మెరుపా? గత ఏప్రిల్‌లో మా బడి మైదానం మీద ఎండ కాస్తుండగానే ఊరి చివర తాటిచెట్టు మీద పిడుగు పడింది. ఆటల పీరియడ్‌లో ఉన్న పిల్లలను ఎప్పుడు లోపలికి పిలవాలో కూడా చెప్పగలరు.

జవాబు: మాస్టారూ, ముందుగా ఆ అమ్మాయికి ఒక మాట చెప్పండి. తను అడిగిన ప్రశ్న మీద మెరుపులను అధ్యయనం చేసే శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మబ్బులో విద్యుదావేశం ఎలా పోగవుతుందో చాలావరకు తెలుసు. పుట్టిన మెరుపు ఎలా పాకుతుందో గత పాతికేళ్లలో రేడియో పరికరాలు దాదాపు కళ్లకు కట్టినట్టు చూపించాయి. ఈ రెంటికీ నడుమ, ఆవేశం పోగైన మబ్బులో మొదటి రవ్వ రాలే ఆ క్షణమే ఇంకా పూర్తిగా చిక్కలేదు. మబ్బులు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల అన్న జవాబును మాత్రం తరగతి గది నుంచి సాగనంపవచ్చు. రాపిడి ఉన్న మాట నిజమే గానీ, అది రెండు మబ్బుల మధ్య జరిగేది కాదు, ఒకే మబ్బులోని మంచు రేణువుల మధ్య జరిగేది.

వేసవిలో మన ప్రాంతంలో లేచే ఉరుముల మబ్బు, అంటే క్యుములోనింబస్ మేఘం, అడుగుభాగం నేలకు ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తునే ఉన్నా, తల మాత్రం పదిహేను కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. సుమారు 5 కిలోమీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు చేరుతుంది. అక్కడి నుంచి పైకి వెళ్లిన నీటి బిందువులన్నీ వెంటనే గడ్డకట్టవు. మైనస్ పది, మైనస్ ఇరవై డిగ్రీల చలిలోనూ చాలా బిందువులు ద్రవంగానే ఉండి, ఏదైనా మంచు రేణువు తగలగానే దానికి అంటుకుని గడ్డకడతాయి. ఇలా పొరలు పొరలుగా అంటుకున్న నీటితో బరువెక్కిన మెత్తటి మంచు గుళికను గ్రాపెల్ అంటారు. గ్రాపెల్ బరువు వల్ల కిందికి జారుతుంటే, తేలికైన మంచు స్ఫటికాలు పైకి వీచే గాలితో ఎగురుతుంటాయి. దారిలో రెండూ ఢీకొని విడిపోయినప్పుడు, ఆ చలిలో సాధారణంగా గ్రాపెల్‌కు రుణావేశం, స్ఫటికానికి ధనావేశం దక్కుతాయి. ఒక్కో ఢీకి మారే ఆవేశం లెక్కలోకి రానంత స్వల్పం. అయితే ఘన కిలోమీటర్ల కొద్దీ విస్తరించిన మబ్బులో ఇలాంటి ఢీలు ఎడతెగకుండా జరుగుతాయి కాబట్టి, పావుగంట, అరగంటలోనే మబ్బు తల ధనావేశంతోనూ, నడుము రుణావేశంతోనూ నిండిపోతాయి. అడుగున, కాస్త వెచ్చని చోట, గ్రాపెల్ పొందే ఆవేశం తలకిందులై ధనావేశమవుతుంది. అందువల్ల అక్కడ ఒక చిన్న ధనావేశపు మూట ఏర్పడుతుంది. జపాన్ శాస్త్రవేత్త తకహాషి 1978లో ప్రచురించిన ప్రయోగశాల ఫలితాలు ఈ తలకిందులయ్యే సంగతిని బాగా చూపించాయి. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో ప్లస్, మైనస్ గుర్తులు రెండు చక్కని వరుసల్లో నిలబడి కనిపిస్తాయి. అసలు మబ్బులో అవి గాలి సుడులకు నలిగిపోయిన గుంపులుగా, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయిన ముద్దలుగా ఉంటాయి. మెరుపు వంకర టింకరగా పోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇలా పోగైన ఆవేశం ఎంత వోల్టేజీని పుట్టిస్తుందో తెలుసుకోవడానికి మన దేశం నుంచే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఊటీలోని గ్రేప్స్-3 ప్రయోగశాలలో ఆకాశం నుంచి వచ్చే, విద్యుదావేశం ఉన్న మ్యూయాన్ అనే సూక్ష్మ కణాలను లెక్కిస్తారు. 2014 డిసెంబరు 1న ఒక ఉరుముల మబ్బు ఆ ప్రయోగశాల మీదుగా వెళ్లినప్పుడు మ్యూయాన్ల సంఖ్య తగ్గింది. ఆ తగ్గుదలను బట్టి లెక్కగట్టి, ఆ మబ్బులో సుమారు 130 కోట్ల వోల్టుల తేడా ఉందని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు 2019లో ప్రకటించారు.

అంత వోల్టేజీ ఉన్నప్పుడు మెరుపు రావడంలో వింతేముందని పిల్లలు అడగవచ్చు. వింత ఉంది. గాలి తన బంధక గుణాన్ని వదులుకుంటుందా లేదా అన్నది మొత్తం వోల్టేజీని బట్టి కాక, ఒక్కో మీటరుకు ఎన్ని వోల్టులు పడుతున్నాయన్న దాన్ని, అంటే విద్యుత్ క్షేత్రాన్ని బట్టి ఉంటుంది. సముద్రమట్టం దగ్గర పొడిగాలి తెగాలంటే మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు కావాలి. మెరుపులు పుట్టే 6 కిలోమీటర్ల ఎత్తులో గాలి పలుచన కాబట్టి అందులో సగం చాలు. అయితే బెలూన్లకు పరికరాలు కట్టి ఉరుముల మబ్బుల్లోకి పంపి కొలిచినప్పుడు, మీటరుకు లక్ష, రెండు లక్షల వోల్టులే కనిపించాయి. నాలుగు లక్షలు కనిపించడమే అరుదు. అవసరమైన దానిలో పదోవంతు ఉండగానే మబ్బు మెరుస్తోందన్నమాట. ఈ లోటును మబ్బు దేనితో పూడ్చుకుంటోందన్నదే మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న.

దానికి ఒక జవాబు ఆ పిల్ల మాటల్లోనే దొరుకుతుంది. లోహపు మొన లేదు గానీ, మంచు మొనలు ఉన్నాయి. పొడవాటి మంచు సూది కొసన గానీ, విద్యుత్ బలానికి సాగి కోలగా మారిన నీటి బిందువు చివరన గానీ క్షేత్రం చుట్టుపక్కల కంటే ఎన్నో రెట్లు బలపడుతుంది. ఆ కొసన గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి, స్ట్రీమర్ అనే సన్నని, చల్లని వెలుగు పోగు పుడుతుంది. ఇక్కడ తరగతిలో చెప్పదగిన ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. ధన స్ట్రీమర్ ముందుకు సాగడానికి కావలసిన క్షేత్రం, రుణ స్ట్రీమర్‌కు కావలసిన దానిలో దాదాపు సగమే. సముద్రమట్టం దగ్గర ధన స్ట్రీమర్‌కు మీటరుకు 5 లక్షల వోల్టులు చాలు, పైన 6 కిలోమీటర్ల ఎత్తులో అందులో సగంతో సరిపోతుంది. అంటే కొస దగ్గర ఒకసారి పుడితే చాలు, ఆపైన మబ్బులో నిజంగా కొలిచిన క్షేత్రాల్లోనే అది పాకగలదు. పది రెట్లున్న లోటు ఈ దారిలో దాదాపు పూడిపోతుంది.

రెండో జవాబు అంతరిక్షం నుంచి వస్తుంది. సూక్ష్మ కణాల దారులను కంటికి చూపే మేఘపు గది పరికరాన్ని కనిపెట్టి 1927లో నోబెల్ బహుమతి అందుకున్న సి.టి.ఆర్. విల్సన్, 1925లోనే ఒక ఊహ చేశాడు. మబ్బులోని క్షేత్రంలో చాలా వేగంగా ఉన్న ఎలక్ట్రాన్ ఒకటి చిక్కితే, గాలి అణువుల తాకిడికి పోగొట్టుకునే శక్తి కంటే క్షేత్రం నుంచి పొందే శక్తే ఎక్కువై, అది ఆగకుండా పరుగెత్తుతుందన్నాడు. 1992లో రష్యా శాస్త్రవేత్త గురెవిచ్, ఆయన సహచరులు ఈ ఆలోచనను ముందుకు తీసుకెళ్లి, అంతరిక్షం నుంచి దూసుకొచ్చే విశ్వకిరణాల వల్ల పుట్టిన అలాంటి ఒక్క ఎలక్ట్రాన్ దారిలో మరెన్నింటినో ఊడగొట్టి వెల్లువలా మారగలదని లెక్కలతో చూపారు. దీనికి కావలసిన క్షేత్రం మబ్బుల్లో కొలిచిన విలువల పరిధిలోనే ఉండటం ఈ సిద్ధాంతానికి పెద్ద బలం. ఉరుముల మబ్బుల నుంచి గామా కిరణాలు వెలువడుతున్నాయని ఉపగ్రహం పట్టుకున్నాక, ఇలాంటి ఎలక్ట్రాన్లు మబ్బుల్లో ఉన్నాయన్న విషయంలో అనుమానం మిగలలేదు. అయితే ప్రతి మెరుపుకూ అవే నాంది పలుకుతున్నాయా అన్నది వేరే ప్రశ్న. నా మటుకు నాకు మంచు కొసల వాదనే ఎక్కువ నచ్చుతుంది. విశ్వకిరణాలు ఆ కొసలకు అవసరమైన మొదటి ఎలక్ట్రాన్లను అందించి సాయపడుతున్నాయనుకుంటే రెండు వాదాలూ ఒకదానికొకటి అడ్డు రావు.

ఈ మధ్య వచ్చిన పరిశీలనలు ఈ చర్చను కొత్త మలుపు తిప్పాయి. అమెరికాలోని న్యూమెక్సికోలో పర్వతం మీద ఉన్న లాంగ్‌మ్యూర్ ప్రయోగశాల పరిసరాల్లో, మెరుపులు వెదజల్లే రేడియో తరంగాలను అతి సూక్ష్మంగా గమనించిన బృందం ఒకటి 2016లో తన ఫలితాలను ప్రకటించింది. వారు చూసిన మెరుపుల్లో ఆరంభ క్షణాన ధన స్ట్రీమర్ల గుంపు ఒకటి సెకనుకు కోట్ల మీటర్ల వేగంతో, కొన్ని వందల మీటర్ల మేర ఒక్కసారిగా చిమ్మింది. 2019లో ఫ్లోరిడాలో ఇలాంటి చిమ్ముడే రుణ దిశలోనూ కనిపించడంతో కథ మళ్లీ చిక్కుపడింది. నెదర్లాండ్స్ కేంద్రంగా, నక్షత్రాలను వినడానికి కట్టిన లోఫార్ రేడియో టెలిస్కోపును మబ్బుల వైపు మళ్లించినవారికి మరో దృశ్యం దొరికింది. అక్కడ ఒక మెరుపు ఆరంభంలో ఏ పెద్ద చిమ్ముడూ లేదు, వినీ వినిపించనంత బలహీనంగా మొదలైన సంకేతం కొద్ది మైక్రోసెకన్లలోనే రెట్టింపులు రెట్టింపులుగా పెరిగి మెరుపుగా మారింది. కాబట్టి అన్ని మెరుపులూ ఒకే తీరుగా పుడతాయని చెప్పకపోవడమే ఇప్పటికి క్షేమం.

ఎలా పుట్టినా, తరువాతి కథ ఒకటే. వందల స్ట్రీమర్లు ఒకే మొదలు నుంచి వెళ్లడంతో అక్కడ విద్యుత్ ప్రవాహం కేంద్రీకృతమై గాలి వేల డిగ్రీలకు వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి ఇక బంధకం కాదు, తీగలాంటి వాహకం. లీడర్ అని పిలిచే ఈ వేడి దారి పాకడమే మెరుపు పాకడం. దీన్ని పిల్లలకు చెప్పేటప్పుడు మబ్బు నుంచి కిందికి గీసే బాణం గుర్తును మానేయండి. బోర్డు మధ్యలో ఒక చుక్క పెట్టి, రెండు చేతుల్లో రెండు సుద్దముక్కలు పట్టుకుని, ఒకటి పైకి, ఒకటి కిందికి ఒకేసారి గీయండి. తడి నేలలో పాతిన గింజ ఒకవైపు వేరునూ, మరోవైపు మొలకనూ పంపినట్టే, లీడర్ కూడా పుట్టినచోటు నుంచి రెండు వైపులకూ ఒకేసారి పెరుగుతుంది. దాని రుణ కొస ధనావేశం ఉన్న ప్రాంతం వైపు, ధన కొస రుణావేశం ఉన్న ప్రాంతం వైపు వెతుక్కుంటూ పోతాయి. ఆ దారి మొత్తాన్ని కలిపి చూస్తే దానికంటూ విడిగా ఆవేశం ఉండదు. మబ్బు క్షేత్రంలో ఉన్న వాహకం కాబట్టి ఒక కొసన ధనం, మరో కొసన రుణం పేరుకుంటాయంతే.

ఈ మాటను హైంజ్ కాసెమిర్ అనే శాస్త్రవేత్త 1950లోనే రాసినా, దశాబ్దాల పాటు ఎక్కువమంది పట్టించుకోలేదు. రుణావేశపు మూట ఒకటి మబ్బు నుంచి కిందికి కారుతుందన్న బొమ్మే అందరి మనసుల్లోనూ ఉండేది. 1980 నుంచి 1986 దాకా నాసా ఒక ఎఫ్-106 విమానాన్ని కావాలనే ఉరుముల మబ్బుల్లోకి పంపింది. దానికి 700కు పైగా మెరుపు తాకిడులు తగిలాయి. చాలావాటిలో మెరుపు ఎక్కడి నుంచో వచ్చి విమానాన్ని కొట్టలేదు. విమానపు రెండు కొసల నుంచే, ఒకవైపు ధన లీడర్, మరోవైపు రుణ లీడర్ పుట్టాయి. కాసెమిర్ లెక్కకు ఇంతకంటే మంచి రుజువు దొరకదు.

రెండు కొసలూ ఒకే తీరుగా నడవవు. రుణ కొస అడుగులు వేస్తూ పోతుంది. మబ్బు నుంచి నేలకు దిగే రుణ లీడర్‌లో ఒక్కో అడుగు పొడవు దాదాపు 50 మీటర్లు, అడుగుకూ అడుగుకూ మధ్య విరామం కొన్ని పదుల మైక్రోసెకన్లు. దక్షిణాఫ్రికాలో షోన్‌లాండ్ బృందం 1930లలో కదిలే కటకాలున్న కెమెరాతో దీన్ని ఫొటో తీసింది. ఒక్క అడుగును దగ్గరగా చూస్తే చాలా విచిత్రంగా ఉంటుంది. రుణ కొస ముందున్న గాలిలో, దానితో సంబంధం లేకుండా, కొన్ని మీటర్ల నుంచి పదుల మీటర్ల దూరంలో ఒక చిన్న వేడి తునక విడిగా వెలుగుతుంది. ఆ తునక తానూ రెండువైపులా పెరుగుతుంది. దాని వెనుక కొస వచ్చి అసలు లీడర్‌ను తాకగానే రెండూ కలిసిపోయి, దారి ఒక్క గెంతులో ముందుకు జరిగి, పెద్ద వెలుగూ, రేడియో చిటపటా వెలువడతాయి. తరువాత మళ్లీ ముందున్న చీకట్లో మరో తునక వెలుగుతుంది. ఉరుముల వాన రోజుల్లో ఏఎం రేడియోలో వినిపించే గరగరలకు మెరుపుల నుంచి పుట్టే ఇలాంటి తరంగాలే మూలం.

ధన కొస మాత్రం నెమ్మదిగా, అంతగా చప్పుడు చేయకుండా పాకుతుంది. రుణ కొస సెకనుకు లక్ష మీటర్లు, అంతకు మించి వెళ్తే, ధన కొస సుమారు ఇరవై వేల మీటర్లతో సరిపెట్టుకుంటుంది. రేడియో తరంగాలు తక్కువగా పంపుతుంది కాబట్టి చాలా కాలం ఎవరి పరికరాలకూ సరిగా చిక్కలేదు. 2019లో లోఫార్ బృందం దాని పక్కల నుంచి పొడుచుకు వచ్చే, వంద మీటర్ల దాకా పొడవూ అయిదు మీటర్ల లోపు మందమూ ఉన్న సూదుల్లాంటి పోగులను కనిపెట్టింది. దారిలో చేరిన ఆవేశంలో కొంత ఈ పోగుల్లోకి తిరిగి చిమ్ముతుంది. మబ్బు ఒక్కసారే ఖాళీ కాకుండా, అరసెకను, సెకను పాటు మినుకు మినుకుమంటూ మళ్లీ మళ్లీ వెలగడానికి ఇది కూడా ఒక కారణమని వారు భావించారు.

ఇక మబ్బు లోలోపలే వెలిగి ఆరిపోయే మెరుపు సంగతి. అది వేరే రకమేమీ కాదు. ప్రపంచంలో పుట్టే మెరుపుల్లో నాలుగింట మూడు వంతులు నేలను తాకనే తాకవు, కాబట్టి మనం పిడుగు అని భయపడేదే నిజానికి తక్కువగా జరిగే రకం. తలలోని ధనావేశానికీ నడుములోని రుణావేశానికీ మధ్య మొదటి రవ్వ పుడితే, రుణ కొస పైకి ఎగబాకి ధనావేశపు అంతస్తులో అడ్డంగా కొమ్మలు వేస్తుంది, ధన కొస కింది అంతస్తులో అలాగే పరుచుకుంటుంది. రేడియో సంకేతాలతో గీసిన పటాల్లో ఈ రెండు అంతస్తులూ, వాటిని కలిపే నిలువు దారీ స్పష్టంగా కనిపిస్తాయి. రవ్వ కిందివైపు, నడుములోని రుణావేశానికీ అడుగునున్న చిన్న ధనావేశపు మూటకూ మధ్య పుడితే, రుణ కొస కిందికి దిగి నేల దాకా వచ్చే అవకాశం ఉంటుంది. అది నేలను తాకిన క్షణాన ముప్పై వేల ఆంపియర్ల స్థాయి ప్రవాహం ఆ దారి వెంట పైకి ఎగసి, దారిని ముప్పై వేల డిగ్రీలకు వేడెక్కిస్తుంది. మన కళ్లు మిరుమిట్లు గొలిపేదీ, ఉరుమును పుట్టించేదీ అదే. దాని గురించి పాఠ్యపుస్తకాల్లో చాలినంత ఉంది కాబట్టి ఇక్కడ పెంచడం లేదు.

అడ్డంగా ఎంత దూరం పాకగలదన్నది తెలిస్తే పిల్లలు నోరెళ్లబెడతారు. 2017 అక్టోబరు 22న అమెరికాలో తూర్పు టెక్సస్ నుంచి కాన్సస్ సిటీ దాపు వరకు ఒకే మెరుపు 829 కిలోమీటర్లు పాకిందని ప్రపంచ వాతావరణ సంస్థ 2025లో ధ్రువీకరించింది. హైదరాబాద్ నుంచి ముంబయికి రోడ్డు మీద వెళ్లే దూరం కంటే అది ఎక్కువ. విశాలంగా పరుచుకున్న వాన మబ్బులో ఆవేశం పలుచని పొరగా వందల కిలోమీటర్లు విస్తరిస్తే, లీడర్‌కు ఆగాల్సిన అవసరం రాదు.

మీ తాటిచెట్టు మీద పడినది మబ్బు పక్క నుంచి బయటికి వచ్చిన మెరుపు అయి ఉండవచ్చు. పైకి ఎక్కుతున్న రుణ కొసకు తలలోని ధనావేశం చాలనప్పుడు, అది మబ్బు గోడ నుంచి బయటపడి, ఖాళీ గాలిలో అడ్డంగా కొన్ని కిలోమీటర్లు వెళ్లి, తరువాత నేలకు దిగుతుంది. మబ్బు నుంచి పది కిలోమీటర్ల అవతల, నెత్తిన ఎండ ఉన్నచోట ఇలాంటివి పడిన సందర్భాలు నమోదయ్యాయి. పొలాల మధ్య తాటిచెట్టే అన్నింటి కంటే ఎత్తు కాబట్టి, దిగివచ్చే లీడర్‌కు ఎదురుగా నేల నుంచి లేచే పాయ ఆ చెట్టు తల నుంచే ముందుగా బయలుదేరుతుంది.

దీన్ని బట్టి పిల్లలను లోపలికి పిలవాల్సిన సమయం, వాన మొదలైనప్పుడు కాదు, మబ్బు నెత్తిమీదికి వచ్చినప్పుడూ కాదు. ఉరుము చెవికి వినిపించిందంటే మెరుపు మీకు అందే దూరంలోనే ఉంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లను లెక్కించి మూడుతో భాగిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది, పాఠంగా చెప్పడానికి అది చక్కని లెక్క. అయితే ఆ సెకన్ల లెక్క ముప్పై లోపు వచ్చేదాకా వేచి ఉండమని నేను చెప్పను. మొదటి ఉరుముకే ఆట ఆపేయండి. మబ్బు లోలోపల వెలుగుతున్నప్పుడు కూడా అంతే. ఆవేశాన్ని విడదీసే యంత్రం లోపల నడుస్తోందనీ, తరువాతి రవ్వ కింది అంతస్తులో పుట్టవచ్చనీ ఆ వెలుగు తెలియజేస్తుంది. పూణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ రూపొందించిన దామిని యాప్ మీ ఫోన్‌లో ఉంటే, మబ్బు ఇంకా కనిపించకముందే చుట్టుపక్కల నమోదవుతున్న మెరుపులను చూడవచ్చు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ అధికారులు వెల్లడించారు. వేసవిలో ఆటల పీరియడ్‌కు ముందు ఒకసారి ఆ యాప్ తెరిచి చూడటం ఎంత అవసరమో చెప్పడానికి ఆ ఒక్క రోజు లెక్క చాలు.

లోపలికి అంటే తరగతి గదిలోకి, వరండాలోకి కాదు. చెట్టు కిందికి అసలే కాదు. గదిలో కిటికీ ఊచలకూ, నీటి కుళాయిలకూ, ప్లగ్గులో ఉన్న పరికరాలకూ దూరంగా కూర్చోబెట్టండి. తీగ లేని సెల్‌ఫోన్ వాడటం వల్ల ఆ గదిలో ప్రమాదమేమీ పెరగదు. అర్జునా ఫల్గుణా అంటూ చదివే అలవాటు ఉన్న పిల్లలు లోపలికి నడుస్తూ చదువుకోవచ్చు. చివరి ఉరుము వినిపించాక పూర్తిగా ముప్పై నిమిషాలు గడిచేదాకా మైదానంలోకి వదలకండి. వాన వెలిసి, ఎండ పొడ చూపినా సరే. దాటిపోయిన మబ్బు వెనుక పరుచుకున్న పలుచని పొరలో ఆవేశం ఇంకా మిగిలే ఉంటుంది, దాని నుంచి దిగే మెరుపులు అరుదైనా, ఒక్కోసారి ముందు వచ్చిన వాటి కంటే బలమైనవిగా ఉంటాయి.